తల తడవని బిడ్డ

ఆ విచారణ గురువుని, అంటే ఆ గుడినీ దాని జనాన్నీ చూసుకునే ఫాదర్‌ని, వెనకాల అందరూ గడియారం ఫాదర్ అంటారు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. పూజ ఏడింటికంటే ఏడింటికే. ఏడూ ఒకటికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడాలి. కొవ్వొత్తి వత్తి నల్లబడితే కత్తిరించాలి, బలిపీఠం మీది గుడ్డ అంగుళం కూడా పక్కకి జరగకూడదు, జపంలో ఒక్క మాట మింగకూడదు. ఒకసారి ఆసుపత్రి నర్సు ఒకావిడ చావుబతుకుల్లో ఉన్న పసిగుడ్డుకి తనే జ్ఞానస్నానం ఇచ్చానని సంబరంగా వచ్చి చెప్పింది. ఈయన సంతోషించడం మానేసి, నీళ్లు జుట్టు మీదే ఆగాయా, చర్మం మీద పారాయా అని అరగంట ఆరా తీశాడు. తడి దూదితో అద్దానని ఆమె చెప్పేసరికి హడావిడిగా వెళ్లి, 'నీకు ఇంతకుముందు జ్ఞానస్నానం జరగకపోయి ఉంటే' అని షరతు చేర్చి మళ్లీ నీళ్లు పోసి వచ్చాడు. ఆ నర్సు ఆరు నెలలు గుడి ముఖం చూడలేదు.

చాదస్తమా అంటే చాదస్తమే. కానీ మనిషి చెడ్డవాడు కాదు. మంచాన ఉన్నవాళ్లు కబురు పెడితే కంచం ముందునుంచి చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. "దేవుడి పని దేవుడు చెప్పినట్టు చెయ్యాలి. మనకి తోచినట్టు చేస్తే అది మన పనైపోతుంది," అంటాడు. యాభై రెండేళ్ల మనిషి. గురుపట్టం పొంది ఇరవై నాలుగేళ్లు. ఆ ఇరవై నాలుగేళ్లూ చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికి అలాంటి కబురే వచ్చింది. పెద్ద నర్సమ్మకి ఊపిరి అందడం లేదట, డాక్టరు పెదవి విరిచాడట.

పెద్ద నర్సమ్మ అంటే ఆ చుట్టుపక్కల సగం మందిని ఈ లోకంలోకి లాగిన మనిషి. గడియారం ఫాదర్‌ని లాగింది కూడా ఆమే. వాళ్లమ్మకి ప్రాణస్నేహితురాలు. చిన్నప్పటినుంచీ ఆయన ఆమెని అత్తా అనే పిలుస్తాడు. కబురు విన్నాక రెండు నిమిషాలు కూడా ఆగలేదు. పోయేముందు రోగికి రాసే అభ్యంగనం నూనె సీసా, ఊదారంగు స్టోలు నల్లసంచీలో పెట్టుకున్నాడు. గుడిలోకి వెళ్లి, పొద్దున పూజలో తను ప్రతిష్ఠించిన సత్ప్రసాదం, క్రీస్తు శరీరంగా మారిన రొట్టె, ఒకటి చిన్న వెండి డబ్బీలో ఉంచి ఛాతీ జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

నర్సమ్మది మేడమీద ఇల్లు. కింద సైకిళ్ల షాపు. మెట్లెక్కుతుంటే సుత్తి చప్పుడు కాళ్లకి తగులుతుంది. ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ అప్పటికే కూచుని ఉంది, చేతిలో జపమాల. ఇంట్లో ఒరేయ్ అంటుంది గానీ నలుగురిలో కన్నకొడుకుని మన్నించే పిలుస్తుంది.

"త్వరగా వెళ్లండి ఫాదర్ గారూ. మీతోనే మాట్లాడాలట. నన్ను బయట కూచోమంది. ఇన్నేళ్ల స్నేహం, ఆఖరికి నాకు దక్కిన మర్యాద ఇదీ," అంది ఉక్రోషంగా. ఆ వెంటనే ముక్కు తుడుచుకుంది.

నర్సమ్మ కోడలు ఆయన్ని లోపలికి పంపి తను బయటే ఉండిపోయింది. చిన్న గది. మంచం, టేబుల్ ఫ్యాను, స్టూలు మీద మందులు, మూతపెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు. నర్సమ్మ మూడు దిండ్ల మీద ఆనుకుని కూచుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి గానీ కళ్లు మాత్రం ఇంకా మనుషుల్ని లెక్కపెడుతూనే ఉన్నాయి.

ఆయన తలుపు వేసి గడియ పెట్టాడు. ఎవరి పాపసంకీర్తనం వాళ్లకీ దేవుడికీ మధ్యది. వినే గురువు చెవి మాత్రమే. స్టోలు ముద్దు పెట్టుకుని మెడలో వేసుకున్నాడు. అది మెడలో ఉన్నంతసేపూ అత్తా లేదు, అల్లుడూ లేడు. కన్నతల్లి అయినా మీరు అనే అంటాడు.

"చెప్పండమ్మా."

"పోయిన నెలే చెప్పుకున్నాను. కానీ ఒకటి దాచాను. ప్రతిసారీ అదొక్కటి దాచుకుంటూ వచ్చాను బాబూ. యాభై రెండేళ్లు."

యాభై రెండు అని విన్నా ఆయనకేమీ తట్టలేదు. ముసలివాళ్ల పాపాలు ఆయన చాలా విన్నాడు. తోడికోడలి గిన్నె ఎత్తుకొచ్చాను, అత్తగారిని మనసులో తిట్టుకున్నాను, ఇలాంటివే ఉంటాయి.

"మీ అమ్మ కాన్పు రోజు సంగతి," అంది నర్సమ్మ. "మీరిద్దరని ముందు తెలీదు. పెద్దవాడు నీలంగా వచ్చాడు. రెండుసార్లు గాలి పీల్చాడు, అంతే. వెనకాలే నువ్వు. పిడికెడంత ఉన్నావు. ఇద్దరూ దక్కరనుకున్నాను. అంతలో మీ అమ్మకి రక్తం కట్టలు తెంచుకుంది. నా రెండు చేతులూ అక్కడే. ఒక్క చెయ్యి తీసినా మీ అమ్మ పోయేది. తలుపు అవతల మీ నాయనమ్మ నిలబడి, నీళ్లు పోశావా, నీళ్లు పోశావా అని ఒకటే గొడవ."

ఆమె ఊపిరి కోసం ఆగింది.

"పోశానన్నాను. ఇద్దరికీనా అంది. ఇద్దరికీ అన్నాను."

కింద షాపులో ఎవరో చక్రం తిప్పి చూస్తున్నారు. టిక్కుటిక్కుమని తిరిగి తిరిగి అది ఆగిపోయింది.

"తర్వాతైనా పోశారుగా," అన్నాడు ఆయన.

"చెయ్యి ఖాళీ అయ్యేసరికి పెద్దవాడు చల్లబడిపోయాడు. నువ్వు ఏడ్చావు. బతుకుతావని తెలిసింది. అప్పుడు పోద్దామంటే మీ నాయనమ్మ లోపలికి వచ్చేసింది. ఆవిడ ముందు పోస్తే నేనన్నది అబద్ధమని తేలిపోదూ? పెద్దవాడి మాటేమిటి మరి? తల తడవని బిడ్డని ఆ రోజుల్లో సమాధుల దొడ్డిలో అందరి పక్కనా పెట్టనిచ్చేవాళ్లా? గోడవార ఎక్కడో పెట్టించేవాళ్లు. మీ అమ్మ బతికేదా?"

"మీకు బాగా గుర్తుందా? ఏళ్లు గడిచిపోయాయి. ఒక చుక్కైనా..."

"వెయ్యి కాన్పులు మర్చిపోయాను. అది మర్చిపోలేదు. గ్లాసు నిండా నీళ్లు కిటికీలో పెట్టి ఉన్నాయి. సాయంత్రం నేనే పారబోశాను."

ప్రాణం పోతున్న బిడ్డకి ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. నీళ్లూ, ఆ మాటలూ, మనసూ ఉంటే చాలు. ఒకసారి పోశాక మళ్లీ పొయ్యకూడదు. అందుకే బతికిన బిడ్డని తర్వాత గుడికి తెచ్చినప్పుడు గురువు మిగతా తంతు చేస్తాడు గానీ నీళ్ల జోలికి పోడు. గుడి రిజిస్టరులో తన పేరు పక్కన ఏం రాసి ఉందో గడియారం ఫాదర్‌కి కంఠతా వచ్చు. 'ప్రాణాపాయములో, ఇంటివద్ద, నర్సు చేత.' ఆ కాగితం నకలు చూపించే గురువిద్యాలయంలో చేరాడు.

"నెలకి నిన్ను గుడికి తీసుకెళ్లారుగా," అంది నర్సమ్మ. "నూనె రాశారు, తెల్లగుడ్డ కప్పారు, కొవ్వొత్తి వెలిగించారు. నేను పక్కనే ఉన్నాను. హమ్మయ్య, నా తప్పు వీడికి అంటకుండా దేవుడు సర్దేశాడనుకున్నాను. సరిపోయిందిగా బాబూ? నీ సంగతికి దిగుల్లేదుగా? నా బాధంతా పెద్దవాడి గురించి, ఆ అబద్ధం గురించి. నీకు గురుపట్టం ఇచ్చిన రోజు మీ అమ్మ నా మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు చెప్దామనుకున్నాను. నోరు రాలేదు."

ఇంటికి గుమ్మం ఎలాగో ఆ బతుకంతటికీ జ్ఞానస్నానం అలాగ. గుమ్మం దాటనివాడు లోపలి గదుల్లో తిరిగానంటే ఎవరు నమ్ముతారు? నీళ్లు పడని తలమీద మేత్రాణులు, అంటే బిషప్పు గారు, చేతులుంచి ఎంత ప్రార్థించినా గురుపట్టం నిలవదు. అంటే ఆయన గురువు కాడు. ఎప్పుడూ కాడు. ఇరవై నాలుగేళ్లుగా రోజూ ఏడింటికి ఎత్తి చూపించింది రొట్టె. జనం మోకరించింది రొట్టెకి. నీ పాపాలు పోయాయి అని ఆయన చెప్పగా విని నిశ్చింతగా కళ్లు మూసినవాళ్లు ఎంతమందో. దూదికీ చర్మానికీ తేడా చెప్పి ఒక నర్సుని ఏడిపించిన మనిషికి ఇది తెలియనిది కాదు. ఛాతీ జేబులో డబ్బీ ఉంది. అందులో ఉన్నదీ ఉత్త రొట్టే.

ముందు భయం వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. ఒక్క చుక్క. వేలు ముంచి నుదుటిమీద కార్చి, మూడు మాటలు అంటే అయిపోయేది. ఒక్క చెయ్యి తీసి ఉంటే. ఒక్క చెయ్యి తీసి ఉంటే ముందుగదిలో జపమాల తిప్పుతున్న మనిషి ఉండేది కాదు. ఆ మాట గుర్తొచ్చాక కోపం పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.

ఆ తర్వాత బుర్ర దారులు వెతికింది. తను గురువే కాకపోతే ఇది పాపసంకీర్తనమూ కాదు, అలాంటప్పుడు బయట చెప్పుకుంటే తప్పేముంది అని ఒక దారి. దాన్ని ఆయనే మూసేశాడు. ఆమె దేవుడికి చెప్పుకుంటున్నాననుకుని చెప్పింది. పొరపాటున తలుపు చాటునుంచి విన్నవాడైనా సరే, ఆ మాట వాడి నోట్లోనే ఉండిపోవాలి. ఎవరికీ చెప్పకూడదు. సైగ చెయ్యకూడదు. అదే మాట అదే మనిషి నోట విన్న ఇద్దరు గురువులు ఉన్నా సరే, ఒకరితో ఒకరు అనుకోకూడదు. విన్నదాన్ని పట్టుకుని బయట ఒక మనిషిని చూసే చూపు కూడా మార్చకూడదు. కొత్తగా వచ్చిన కుర్ర గురువులకి ఈ పాఠం చెప్పేది ఎవరనుకున్నారు? ఈయనే.

ఉన్న దారి ఒక్కటే. చెప్పుకున్న మనిషి తనంతట తను, ఈ మాట నువ్వు వాడుకో అనాలి. ఆమె ఆ ముక్క అంటే మేత్రాణుల దగ్గరికి వెళ్లి నిలబడొచ్చు. సిగ్గుపోతుంది, నలుగురూ నవ్వుతారు, కానీ అన్నీ మొదటినుంచీ మళ్లీ చేయించుకుని నిజంగా గురువు కావచ్చు. మంచాన ఉన్నవాళ్లకి మళ్లీ నిజంగా ఏదైనా ఇవ్వొచ్చు.

"అమ్మా, ఈ సంగతి నేను మేత్రాణులొక్కరికి చెప్పుకోవచ్చా? ఇంకెవరికీ కాదు."

నర్సమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "వద్దు."

"ఆయన కూడా గుట్టుగానే..."

"వద్దు బాబూ. కాగితాలమీదికి ఎక్కితే ఏదో ఒకరోజు మీ అమ్మ చెవిన పడుతుంది. ప్రతి నెలా ఆ పిల్లాడి సమాధి కడిగి వస్తుంది. వాడు స్వర్గంలో ఉన్నాడు, నీళ్లు పడ్డాయి వాడిమీద అని నాకే చెప్తుంది, నాకు ధైర్యం చెప్పినట్టు. అది పోగొడతావా? దేవుడికి చెప్పుకోమన్నారు, చెప్పుకున్నాను. ఇక్కడితో అయిపోవాలి. నాకు మాటియ్యి."

ఇక్కడ ఒక్క మాట చెప్తే సరిపోయేది. సరిపోలేదమ్మా, గుడిలో నీళ్లు పొయ్యలేదు, నేను గురువుని కాను, మీ అబద్ధం వల్ల ఇన్ని వేలమందికి ఇంత జరిగింది అని చెప్తే ఆమె ఒప్పుకుంటుంది. తప్పకుండా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, ఆ మిగిలిన నాలుగు ఊపిర్లూ ఆ బరువు కింద తీసుకుని పోతుంది. ఆయన ఆమె చేతులవైపు చూశాడు. నరాలు తేలి, దుప్పటిమీద వెల్లకిలా పడి ఉన్నాయి. అమ్మ ఇంకా ఉందంటే ఆ చేతులవల్లే. ఒకపక్క ఊరంతా ఉంది, ఇంకోపక్క ఒక ముసలామె. తూకం వేస్తే ఊరే మొగ్గుతుంది. ఆయన తూకం వెయ్యలేకపోయాడు.

"మాటిస్తున్నాను," అన్నాడు.

ఇంక ఆ గదికి ఉన్న ఒక్క తలుపూ తనే మూసుకున్నాడని ఆయనకి తెలుసు.

"ప్రాయశ్చిత్తం చెప్పు మరి. లేవలేను, చూస్తున్నావుగా. కూచుని చేసే జపాలేవైనా చెప్పు."

"జపాలు కాదు. అప్పుడు చెయ్యని పని ఇప్పుడు చెయ్యండి."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన స్టూలు మీది గ్లాసు మూత తీసి ఆమె చేతిలో పెట్టి, మంచం పక్కన మోకరించి తల వంచాడు.

"సరిపోయిందిగా నీకు," అంది అయోమయంగా.

"నా సంగతి పక్కన పెట్టండి. మీరు మొదలుపెట్టిన పని మీ చేత్తోనే ముగియాలి."

ఆమెకి నచ్చింది ఆ మాట. పని మిగిల్చిపోవడం ఆమెకి ఎప్పుడూ ఇష్టం లేదు. గ్లాసు వణికింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకోబోయి వదిలేశాడు. ఎవరి జ్ఞానస్నానం వాళ్లు ఇచ్చుకోకూడదు, పోసే చెయ్యి పూర్తిగా ఆమెదే కావాలి. జుట్టుమీదే నిలిచిపోకుండా రెండు చేతులతో పాయ తీసి పట్టుకున్నాడు. ఆ స్థితిలో కూడా ఆ మనిషి అలాంటివాడే.

నర్సమ్మ ఆయన్ని చిన్నప్పటి పేరు పెట్టి పిలిచింది. "నేను నీకు పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇస్తున్నాను," అంది. ఒక్కొక్క పేరుకీ ఆగి ఆగి మూడుసార్లు పోసింది. వెయ్యిసార్లు చేసిన మనిషిలా తడబడకుండా చేసింది. నీళ్లు మాడుమీంచి చెవులవెనక్కి, మెడమీదికి, స్టోలు మీదికి కారాయి.

ఏదో జరుగుతుందనుకున్నాడేమో, ఏమీ జరగలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ముక్కు కారింది. నుదురు దుప్పటికి ఆనించి చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాడు. క్రైస్తవుడయ్యాడు. గురువు మాత్రం కాలేదు. నిమిషం కిందటి వరకూ అదీ లేదు, ఇదీ లేదు.

"ఏడవకు. పెద్దవాడికి కూడా ఇలా పోసి ఉంటే ఎంత బావుండేది," అంది నర్సమ్మ ఆయన తడితలమీద చెయ్యి పెట్టి. కాసేపాగి, "నాకింక పాపవిమోచనం ఇయ్యి బాబూ. నీరసంగా ఉంది," అంది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఎదురుచూసింది.

అది ఆయనకి రాని మాట కాదు. నిద్రలో లేపినా చెప్తాడు. చెయ్యెత్తి చెప్పేస్తే ఆమె సంతోషంగా పోతుంది, ఎవరికీ తెలీదు. కానీ చెల్లదని తెలిసీ చచ్చిపోయే మనిషికి ఎలా ఇస్తాడు? తెలియక ఇచ్చినవి వేరు. ఎత్తబోయిన చెయ్యి దించేసుకున్నాడు.

"అమ్మా, నేను ఇవ్వకూడదు."

ఆమె కళ్లు తెరిచింది. ఆ చూపు చూసి ఆయన గబగబా అందుకున్నాడు. "తప్పు జరిగింది నా విషయంలో. దెబ్బ తగిలినవాడే తీర్పు చెప్పకూడదు. పక్క విచారణ పెద్ద ఫాదర్ గారిని పిలుస్తాను. ఆయనకి ఇంకొక్కసారి చెప్పుకోండి. ఆయన ఇస్తారు."

"ఇంకోసారి చెప్పాలా?" అంది. తర్వాత తల ఊపింది. "అదీ నిజమేలే. నీకెలా ఉంటుంది పాపం." ఇంకాసేపటికి, "మరి నీ తరఫున నువ్వు? నన్ను క్షమించావా?" అని అడిగింది.

"క్షమించానత్తా," అన్నాడు. స్టోలు మెడలో ఉండగా అత్తా అనడం ఆయనకి అదే మొదటిసారి. ఆ మాట నిజం. ఇవ్వగలిగింది ఆ ఒక్కటే, అది పూర్తిగా ఇచ్చాడు.

గడియ తీసి బయటికి రాగానే అమ్మ లేచి నిలబడింది. "తలేంటి అలా తడిసింది?"

"ఉక్కగా ఉంది. నీళ్లు చల్లుకున్నాను."

క్రైస్తవుడై పావుగంట కాలేదు, అప్పుడే మొదటి అబద్ధం. పైగా తల్లికి.

పెద్ద ఫాదర్‌కి డెబ్బై దాటాయి. గడియారం ఫాదర్‌కి గురువిద్యాలయంలో పాఠాలు చెప్పింది ఆయనే. ఫోనులో విని ఆశ్చర్యపోయాడు. "నువ్వు అక్కడే ఉన్నావుగా? నన్నెందుకు రమ్మంటున్నావు?"

"మా ఇంటి మనిషి ఫాదర్. నా చేత కావడం లేదు. మీరే రండి. సత్ప్రసాదం కూడా మీ గుడినుంచే తెచ్చెయ్యండి."

"అక్కడ లేదా?"

అమ్మా, కోడలూ వింటున్నారు. "మీరు తెస్తే మంచిది," అన్నాడు. బయల్దేరుతున్నానని చెప్పి పెద్ద ఫాదర్ ఫోను పెట్టేశాడు. గంటన్నర దూరం.

ఆ గంటన్నరా ఆయన మంచం పక్కనే కూచుని, చేసిన పాపాలకి పశ్చాత్తాపపడి దేవుణ్ణి వేడుకునే ఉత్తమ మనస్తాప జపం చెప్పించాడు. దానికి గురువు అక్కర్లేదు, ఎవరైనా చెప్పించొచ్చు. అమ్మ కూడా వచ్చి అవతలివైపు కూచుంది. స్నేహితురాలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, "నా పిల్లలిద్దరికీ నీళ్లు పోసిన చెయ్యి ఇది. ఒకణ్ణి దేవుడి దగ్గరికి పంపావు, ఒకణ్ణి దేవుడి పనికి పంపావు. నీకేం తక్కువే? నేరుగా వెళ్తావు," అంది.

నర్సమ్మ తల తిప్పి గడియారం ఫాదర్ వైపు చూసింది. ఆయన పుస్తకంలోకి చూశాడు. ఆ పేజీలో ఏముందో ఆయనకి కనపడలేదు. లేచి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. వెళ్తే ఎక్కడికి? రేపు ఆదివారం. ఒంట్లో బాగాలేదంటే ఒకరోజు గడుస్తుంది, రెండు రోజులు గడుస్తాయి. మూడోరోజు ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పకుండా గురుపట్టం మళ్లీ ఇవ్వమని ఏ మేత్రాణుల్ని అడగగలడు?

నాలుగింటికి పెద్ద ఫాదర్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. అందరూ బయటికి వచ్చేశారు. తలుపు మూసుకుంది. గడియారం ఫాదర్ ఈసారి అమ్మ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు. లోపలి మాటలు వినపడవు. కింద సుత్తి మోగుతూనే ఉంది. నర్సమ్మ ఎవరో తల్లీబిడ్డల సంగతిలా, తమ పేర్లు బయటపెట్టకుండా చెప్పుకుంటే బావుండునని కాసేపు అనుకున్నాడు. అన్నీ చెప్పేస్తే బావుండునని కాసేపు అనుకున్నాడు. లోకంలో తన బాధ తెలిసినవాడు ఇంకొకడుంటే చాలుననిపించింది.

అరగంటకి తలుపు తెరుచుకుంది. అభ్యంగనం అయింది, సత్ప్రసాదం అయింది. నర్సమ్మ ముఖం తేటపడింది. అమ్మని పిలిచి పక్కన కూచోబెట్టుకుంది. ఐదు కావస్తుండగా, దిండు కొంచెం కిందికి దించమని కోడలికి చెప్పి, దించేలోపే పోయింది. ఇంకొకరిమీద బరువు మోపానని తెలియకుండా, తన బరువు దింపుకుని పోయింది. ఆయన కోరుకున్నదీ అదే. కోరుకున్నది దక్కాక, ఇంక ఈ లోకంలో తన నోరు విప్పగలిగిన మనిషి లేదని తెలిసొచ్చింది.

పెద్ద ఫాదర్ సంచీ సర్దుకుంటున్నాడు. సీసా పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తలెత్తినప్పుడు ఆయన చూపు నీళ్లు పడి చెదిరిన జుట్టుమీద ఒక్క క్షణం పడి, వెంటనే గోడమీదికి వెళ్లిపోయింది. ఆ ఒక్క క్షణం చాలు. ఆమె అన్నీ చెప్పింది. తనకి పాఠం నేర్పిన మనిషికి ఇప్పుడు అంతా తెలుసు. ఒక్క మాట, ఎంత చిన్న మాటైనా సరే, వస్తుందేమోనని గడియారం ఫాదర్ నిలబడ్డాడు.

కోడలు ఏడుస్తూ వచ్చి మోకరించింది. "ఇద్దరూ కలిసి దీవించండి ఫాదర్. ఇల్లు బోసిపోయింది."

పెద్ద ఫాదర్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ విచారణ గురువు ఆయన. ఆయన ఉండగా నేను చెయ్యెత్తకూడదు," అన్నాడు. మామూలు గొంతుతో, ఎప్పుడూ అనే మాటలాగే అన్నాడు. అని, ఆ డెబ్బై ఏళ్ల మనిషి గోడ పట్టుకుని మెల్లగా మోకాళ్లమీదికి దిగి, తన శిష్యుడి ముందు తల వంచాడు.

పెద్ద ఫాదర్‌కి ఇంకో దారి లేదు. విన్నది విననట్టే ఉండాలి, నిన్నటిదాకా ఏది చేసేవాడో ఇవాళా అదే చెయ్యాలి. ఆయన స్థానంలో తనున్నా సరిగ్గా ఇదే చేసేవాడు. అది తెలిసే గడియారం ఫాదర్‌కి ఆయనమీద కోపం కూడా రాలేదు. వంచిన ఆ తెల్లటి తల కొద్దిగా వణుకుతోంది.

అమ్మ తన స్నేహితురాలి కళ్లు మూసి వచ్చి, కోడలి పక్కన మోకరించింది. ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఆయన చెయ్యెత్తాడు. పిత, పుత్ర, పవిత్రాత్మ అన్నాడు, ఒక్క మాట కూడా మింగలేదు.

అందరికంటే ముందు ఆమెన్ అన్నది అమ్మ.